డయాలసిస్ గదిలో రెక్కలమ్మి

మా గదిలో ఎనిమిది మంచాలు ఉండేవి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఆరింటి బ్యాచ్ నాది. నాలుగో నంబరు మంచం. ఐదో నంబరు మంచం మీదకి ఆయన వచ్చేనాటికి నేను అక్కడ పడుకోవడం మొదలై ఏడు నెలలు అయింది. అంతకుముందు ఆ మంచం మీద రిటైరైన మాస్టారు ఒకరు ఉండేవారు. ఒక సోమవారం ఆయన రాలేదు. బుధవారం పక్కబట్టలు మార్చారు. శుక్రవారం ఈ కొత్తాయన వచ్చి కూర్చున్నాడు.

యాభై దాటిన మనిషి. పెద్ద ఒళ్ళు, కానీ లోపల గాలి తీసేసినట్టు వదులుగా ఉండేది. బోగోలు అవతల సముద్రం ఒడ్డున పల్లె వాళ్ళది. హార్బర్‌లో పడవ ఇంజన్లు బాగుచేసేవాడట. వేళ్ళ సందుల్లో నలుపు అప్పటికీ పోలేదు. మొదటి రోజు సూదులు గుచ్చుతుంటే గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సిస్టర్ నవ్వితే, ఇంజన్‌లో ఎంత లోపలికైనా చెయ్యి పెడతాను గానీ సూది చూడలేనని చెప్పాడు.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. కావలిలో మా ఇల్లు. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివి, సముద్రం ఒడ్డున ఒక రొయ్య పిల్లల హేచరీలో ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నీళ్ళు పరీక్ష చెయ్యడం, పిల్లలకి రోగం ఉందో లేదో చూడటం నా పని. కాళ్ళు వాస్తుంటే రోజంతా నిలబడటం వల్లేమో అనుకున్నాను. అన్నం చూస్తే వాంతి వచ్చేది. పెళ్ళి కుదిరిన పిల్ల కదా, కంగారు అలాగే ఉంటుందని మా అమ్మ అనేది. ప్రధానం అయ్యి మూడు నెలలైంది అప్పటికి. చర్చిలో అందరి ముందూ ఉంగరాలు మార్చుకున్నాం. పెళ్ళి క్రిస్మస్ తర్వాత అనుకున్నారు. ఈలోపు రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. రెండు కిడ్నీలూ చెడిపోయాయి.

పెళ్ళికొడుకు వాళ్ళ అమ్మగారు పాస్టరు గారితో కలిసి మా ఇంటికి వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. దేవుడి చిత్తం ఏమిటో కనిపెట్టుకుని ఉందాం అన్నారు. రెండు వారాల తర్వాత నేను అతనికి పెట్టిన ఉంగరం తెల్ల కవరులో తిరిగి వచ్చింది. తెచ్చింది పాస్టరు గారే. ఆయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అతను మాత్రం ఫోన్ చెయ్యలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

తర్వాత ఆ మంచం మీద నేను చూసిన సిరీస్ నాకు అలవాటు చేసింది అతనే. జపాన్ వాళ్ళ బొమ్మల కథ, ఇరవై నాలుగు భాగాలు. ఆదివారం ఆరాధన అయ్యాక అతను వాళ్ళింట్లో, నేను మా ఇంట్లో, ఫోన్లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఒకేసారి ప్లే నొక్కేవాళ్ళం. చూస్తున్నంతసేపూ మెసేజులు పెట్టుకునేవాళ్ళం. అలా ఆరు భాగాలు చూశాం. ఏడోది చూడాల్సిన ఆదివారం నేను ఆసుపత్రిలో ఉన్నాను.

చాలా నెలలు దాని జోలికి పోలేదు. డయాలసిస్ నాలుగు గంటలు. పడుకుంటే తలనొప్పి, కళ్ళు తెరిస్తే పైన ఫ్యాను. ఒక సోమవారం ఏమీ తోచక ఫోన్ తీశాను. ఏడో భాగం నుంచి చూడబుద్ధి కాలేదు. మొదటి నుంచి పెట్టుకున్నాను.

ఎడమ చేతికి సూదులు ఉంటాయి కాబట్టి కుడి చేత్తో ఫోన్ పట్టుకునేదాన్ని. ఆయన మంచం నాకు కుడివైపే. ఆయన తొంగి చూస్తున్నాడని నాకు తెలుసు. తెలిసినా తెలియనట్టు ఊరుకున్నాను. మూడో భాగంలో ఆ పిల్ల సరస్సు మీద రెల్లుగడ్డి లోంచి పైకి లేచే చోటు ఒకటి ఉంది. తూనీగ రెక్కల్లాంటి రెక్కలు. ఎండ వాటిలోంచి దూరి నీళ్ళ మీద పడుతుంది. అక్కడ ఆయన ఇక ఆగలేకపోయాడు. ఆ పిల్లకి రెక్కలెందుకు ఉన్నాయని అడిగాడు.

ఫెయిరీ అని చెప్పాను. అంటే ఏమిటన్నాడు. తెలుగులో ఏం చెప్పాలో నాకు తోచలేదు. దేవకన్య అంటే కిరీటం, నగలు ఉండాలి. ఈ పిల్ల గోచీలాగా బిగించిన గుడ్డతో బురదలో తిరుగుతూ ఉంటుంది. యక్షిణి అందామంటే అదేదో పట్టి పీడించేదానిలా ఉంది. మనుషుల్లాంటి వాళ్ళే అన్నా, నీళ్ళ దగ్గర ఉంటారు, రెక్కలుంటాయి, రెండు వందల ఏళ్ళు బతుకుతారు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "రెక్కలమ్మి" అన్నాడు. అంతే, మా ఇద్దరికీ ఆ పిల్ల పేరు అదే అయిపోయింది.

మాటలు జపాన్ భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. ఆయనకి తెలుగు చదవడమే అంతంత మాత్రం. అందుకని నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. రెండు మంచాల మధ్య సెలైన్ స్టాండు ఒకటి ఊరికే నిలబెట్టి ఉండేది. టెక్నీషియన్ ఫోన్‌ని దానికి ప్లాస్టర్‌తో అంటించి పెట్టాడు. ఆయన కోసం మళ్ళీ మొదటి భాగం నుంచి పెట్టాను. రోజుకి ఒకటే. ఆపుతూ, చెబుతూ, ఆయన అడిగినదానికి జవాబిస్తూ పోతే ఇరవై నిమిషాల భాగానికి గంట పట్టేది.

కథ పెద్దదేమీ కాదు. పొగమంచు కప్పిన ఒక సరస్సు, దాని చుట్టూ ఈ రెక్కల వాళ్ళు. ఆ సరస్సుని ఎండబెట్టి రోడ్డు వెయ్యాలని ఒక రాజు అనుకుంటాడు. దారి కొలిచి పటం గియ్యడానికి ఒక కుర్రవాణ్ణి పంపుతాడు. వాడూ రెక్కలమ్మీ ప్రేమలో పడతారు. వాడు గీసే పటం పూర్తయితే ఆమె ఉండే చోటు పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మాట్లాడుకోరు.

ఆయన ఆ కథని ఎంత నమ్మేవాడో చెప్పలేను. వాళ్ళు ఏం తింటారు, వానొస్తే రెక్కలు తడవవా, ఆ కుర్రవాడి పడవకి మోటారు లేకుండా ఎదురుగాలికి ఎట్లా పోతుంది, ఇలా అడిగేవాడు. బొమ్మ గీసినవాడికి పడవ సంగతి తెలుసని, నీళ్ళలో ఊగే తీరు సరిగ్గా వేశాడని ఒకసారి మెచ్చుకున్నాడు. రెక్కలమ్మి అంటే ఇష్టం. కుర్రవాడంటే పడేది కాదు. పని చెయ్యకుండా ఊరికే చూస్తూ కూర్చుంటాడని విసుక్కునేవాడు. ఇద్దరూ మొదటిసారి చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం ఏమీ అనకుండా, సూదులు లేని చేత్తో నల్లబడిన వేలు తెరకి తగలకుండా చూపిస్తూ, "చూడు పాపా, ఆ అమ్మి వణకతా ఉండాది," అన్నాడు. అతనితో ఆ భాగం చూసినప్పుడు ఆ వణుకు నేను గమనించనే లేదు. ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆయన భార్య బయట వరండాలో బల్ల మీద కూర్చునేది. సన్నటి మనిషి. ఒళ్ళో గుడ్డసంచి, దాంట్లో ఇడ్లీల డబ్బా, నీళ్ళ సీసా. ఒంట్లో నీళ్ళు చేరకూడదని, రోజంతటికీ ఆయన తాగాల్సిన నీళ్ళు ఆ సీసాలోనే కొలిచి పెట్టేది. ఆయన ఐసుముక్క అడిగినా ఇచ్చేది కాదు. డాక్టరు అందరికీ ఆమెనే చూపించేవాడు, ఇలా చూసుకోవాలని. ఎవరైనా మాట్లాడితే ఆమె కొంచెం తిరిగి కుడి చెవి ఇచ్చేది. ఎడమ చెవి వినపడదని మాకు తెలిసింది. పుట్టుకతోనే అనుకున్నాం.

పద్నాలుగో భాగంలో కుర్రవాడికి జబ్బు చేస్తుంది. వైద్యులు వచ్చి చూసి చేతులెత్తేస్తారు. రెక్కలమ్మి తెల్లవారుజామున వాడి గుడిసెలోకి వస్తుంది. వాడికి స్పృహ ఉండదు. ఆమె అరచెయ్యి వాడి గుండె మీద పెట్టి, తన ఆయుష్షులో సగం వాడికి ఇస్తుంది. మాటల్లేవు. మెల్లగా ఆమె రెక్కలు దీపం చిమ్నీకి పొగ పట్టినట్టు మసిబారతాయి. వాడు ఊపిరి తీసుకుంటాడు. వాడు కళ్ళు తెరిచేసరికి ఆమె కిటికీ దగ్గర నిలబడి, మందు పనిచేసిందని అబద్ధం చెబుతుంది.

నేను చెప్పడం ఆపి ఆయనవైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ రోజు ఆయనకి బీపీ పడిపోయింది, కాళ్ళు కొంకర్లు పోయాయి. సిస్టర్లు వచ్చి మంచం తలవైపు దించి సెలైన్ పెట్టారు. కథ మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాతి శుక్రవారం నేను ఫోన్ అంటించబోతుంటే వద్దన్నాడు. పైకప్పు చూస్తూ చెప్పాడు.

"మా ఇంటిదాని రక్తం నాకు కలిసింది పాపా. అన్ని పరీక్షలూ చేసినారు. కిడ్నీ ఇయ్యచ్చు అన్నారు. అది ఇయ్యనన్నది."

ఆపరేషన్ అంటే ఎవరికైనా భయమే కదన్నా అని ఏదో అనబోయాను.

"భయం కాదు. దాని ఎడమ చెవి నేను కొట్టిన దెబ్బకే పోయినాది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు. అదొక్కటే కాదులే. ఇరవై ఏళ్ళు తాగినాను. ఇరవై ఏళ్ళు కొట్టినాను. ఈ జబ్బు రాబట్టి ఆపినా, లేకుంటే ఆపుండను."

ఆ చేతుల్ని చూశాను. తెర మీద రెక్కలమ్మి వణుకుతోందని చూపించిన వేలు అదే. మంచివాడని నాకై నేను అనుకున్న మనిషి. రెండు నెలలుగా ఆ గదిలో నాకు స్నేహం అన్నది ఏదైనా ఉంటే ఆయనతోనే. అవతలికి తిరిగి పడుకున్నాను. మిషన్ దింపే వరకూ ఇటు తిరగలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఫోన్ తియ్యలేదు. ఛార్జింగ్ లేదని ఒకరోజు, తలనొప్పని ఒకరోజు చెప్పాను. ఆయన మళ్ళీ అడగలేదు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది, అది నిజం. ఇంకొకటి కూడా నిజం, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. మా నాన్న రక్తం నాకు కలవలేదు. అమ్మది కలిసింది గానీ ఆమెకి షుగరు, పనికిరాదన్నారు. ఇవ్వగలిగిన మనిషి ఒకరు ఉండి కూడా ఇవ్వకుండా వరండాలో కూర్చుందే అనిపించింది. ఆ ఆలోచన వచ్చిన మరుక్షణం సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డా అది పోలేదు.

ఒక సోమవారం బరువు చూసుకోవడానికి వరసలో నిలబడి ఉంటే ఆమె నా పక్కకి వచ్చింది. ఆయన అప్పటికే లోపలికి వెళ్ళాడు. నాతో ఆమె అంతవరకూ బాగున్నావా అని తప్ప మాట్లాడలేదు.

"ఆ బొమ్మల కథ నువ్వే గదామా చెప్పేది," అంది.

అవునక్కా అన్నాను.

"ఆయప్ప ఇంటికి పోయేటప్పుడు బస్సులో నాకు చెప్తాడు. కుడిపక్క కూర్చోని చెప్తాడు. మొన్న ఆ పిల్ల సగం ఆయుష్షు ఇచ్చినాదని చెప్పి ఊరుకున్నాడు. మా ఊరు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడలా. నన్ను అడగతా ఉండాడేమో అనుకున్నా."

అడిగాడా అని అడిగాను.

"లేదు. అడగలా. అడక్కుండా అట్టా చెప్తే అడిగినట్టే గదా." సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "అందరూ నన్నే చూస్తారుమా. వండి పెడతా. నీళ్ళు కొలిచి ఇస్తా. బస్సెక్కించి తీసుకొస్తా. ఎన్నేళ్ళయినా చేస్తా. అది మాత్రం ఇయ్యలేను. నాదని ఈ ఒళ్ళు ఒకటే మిగిలినాది."

నా వంతు వచ్చింది. బరువు మిషన్ ఎక్కాను. అంకె ఎంత చూపించిందో గుర్తులేదు.

ఆ రోజు మిషన్ ఎక్కించాక ఆయన చాలాసేపటికి, ఇంక చెప్పవా పాపా అని అడిగాడు. గొంతులో బతిమాలుకోవడం ఉంది. నాకు ఒక ఆలోచన వచ్చింది. ఫోన్ అంటించమని టెక్నీషియన్‌ని పిలిచి పదిహేనో భాగం పెట్టాను. నిజానికి ఆ భాగంలో కుర్రవాడికి ఏమీ తెలియదు. చలికాలం వస్తుంది, తక్కిన రెక్కల వాళ్ళందరూ ఇంకో సరస్సుకి ఎగిరిపోతారు, ఈమె ఎగరలేక ఉండిపోతుంది. వాడు తన కోసమే ఉండిపోయిందనుకుని సంతోషపడతాడు. నేను అది చెప్పలేదు. వాడికి సంగతి తెలిసిపోయిందని, నీ ఆయుష్షు నాకు వద్దని తిరిగి ఇచ్చేశాడని చెప్పాను. నోటికి వచ్చినట్టు అల్లుకుంటూ పోయాను. ఇది బస్సులో ఆమె చెవికి చేరుతుందని నా ఉద్దేశం. ఆయన తలూపుతూ విన్నాడు.

పదహారో భాగంలోనూ అలాగే నెట్టుకొచ్చాను. బొమ్మలో వాడు రొట్టె తింటూ నవ్వుతుంటే, చనిపోయే ముందు ధైర్యంగా ఉన్నాడని చెప్పాను. పదిహేడులో ఆమె ఊళ్ళోకి వస్తుంది, రెక్కలు కనపడకుండా శాలువా కప్పుకుంటుంది. శాలువా జారినచోట ఆయన ఆపమన్నాడు.

"ఇచ్చేసినాడంటివి. రెక్కలు ఇంకా మసిగానే ఉండాయే?"

నేను తెర మీద నుంచి చూపు తిప్పుకున్నాను.

"మా ఇంటిది నీతో మాట్లాడినాదా?"

మాట్లాడిందన్నాను. ఆమె ఏమందో అంతా చెప్పాను, అడిగినట్టే కదా అన్న మాటతో సహా. ఆయన గోడవైపు తిరిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పు పాపా, నాకోసం మార్చొద్దు అన్నాడు. మళ్ళీ పదిహేను నుంచి పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. కుర్రవాడు సంతోషపడే చోట ఆయన, "వాడికి తెలవదు. నాకు తెలుసు," అని తనలో తాను అనుకున్నాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో నేను అడగలేదు.

నవంబరు చివర్లో ఆయన అక్క ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. మేము మిషన్ల మీద ఉన్నాం. తలుపు ఓరగా ఉంది, వరండాలో మాటలు లోపలికి వినపడుతున్నాయి. మొదట మెల్లగా మొదలైంది, తర్వాత గొంతు పెరిగింది. నా తమ్ముణ్ణి కళ్ళముందు చంపుకుంటున్నావని, కట్టుకున్నదానివేనా అని, పూర్వం ఎవరు కొట్టలేదు, ఏ ఇంట్లో జరగలేదు అని. మరదలి గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. గదిలో ఎనిమిది మందిమీ కదలకుండా వింటున్నాం.

ఆయన సిస్టర్‌ని పిలిచి తలుపు పూర్తిగా తియ్యమన్నాడు. పడుకున్నవాడు తల ఎత్తి చెప్పాడు. అరవలేదు.

"అక్కా, దాన్ని వదిలెయ్. అది ఇస్తానన్నా నేను తీసుకోను. దాన్ని అడిగే హక్కు నాకు లేదు. మీకు అసలే లేదు. ఇంకోసారి ఎవురైనా ఈ మాట ఎత్తినారంటే నేను ఈ మంచం ఎక్కను."

చెయ్యి కదిలినట్టుంది, మిషన్ కూత పెట్టింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి గొట్టం సరిచేసింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ మెట్లు దిగింది.

నా మనసు తేలికపడింది. ఇప్పుడు ఆమె లోపలికి వస్తుంది, ఆయన మంచం పక్కన నిలబడుతుంది అనుకున్నాను. ఆమె రాలేదు. మిషన్ దింపాక నేను బయటికి వస్తే కుళాయి దగ్గర ఇడ్లీ డబ్బా కడుగుతూ ఉంది. అన్న మంచి మాట చెప్పాడక్కా అన్నాను.

"చెప్పినాడు," అంది. డబ్బా బోర్లించి నీళ్ళు దులిపింది. "ఈ మాట మొదట్లోనే చెప్పుంటే నేను ఇంతమంది నోళ్ళల్లో పడేదాన్ని కాదు."

ఇరవై నాలుగో భాగం డిసెంబరు మొదటి వారంలో చూశాం, శుక్రవారం. బయట మబ్బుపట్టి ఉంది. సరస్సు ఎండిపోతుంది, రోడ్డు వేస్తారు, కుర్రవాడికి రాజు దగ్గర పేరొస్తుంది. రెక్కలమ్మి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వాడి ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. వాడు వెతుక్కుంటూ వస్తే ఎండిన సరస్సు మధ్యలో శాలువా దొరుకుతుంది. మంచు పడుతూ ఉంటుంది. తర్వాత పాట, పేర్లు.

"ఇంతేనా?" అన్నాడు.

ఇంతే అన్నాను.

"ఆ అమ్మి యాడికి పోయినాదో చెప్పరా?"

"చెప్పరన్నా."

"అది చెప్పకుండా పాట పెట్టినారా." నిజంగానే కోపం వచ్చింది. ఇన్ని రోజులు చూపించి చివర్లో మోసం చేశారన్నాడు. నాకూ నచ్చలేదు. ఈ ముగింపు చూడటానికే అతనూ నేనూ ఆదివారాలు ఎదురుచూశామా అనిపించింది. అతను మిగతా భాగాలు చూసుంటాడా అని ఒక్క క్షణం అనుకున్నాను. సోమవారం ఇంకో కథ పెడతానని, ఈసారి ఏడిపించనిది వెతుకుతానని ఆయనతో చెప్పాను. సరేనని, పడవలు ఉండేది చూడమన్నాడు.

శనివారం రాత్రికి తుఫాను వచ్చింది. ఆదివారమంతా వాన. మాది ఊళ్ళోనే కాబట్టి సోమవారం నాన్న నన్ను మోకాటి లోతు నీళ్ళలో నడిపించి ఆసుపత్రికి తెచ్చాడు. ఐదో నంబరు ఖాళీ. వాళ్ళ పల్లెకి రోడ్డు తెగిపోయిందని టెక్నీషియన్ చెప్పాడు. ఫోన్ చేస్తే కలవడం లేదు. బుధవారం కూడా ఖాళీనే. నేను రెండు రోజులూ ఆ మంచం వంక చూస్తూ లెక్క వేస్తూ ఉన్నాను. పోయిన శుక్రవారం పది గంటలకి మిషన్ దిగాడు. శని, ఆది, సోమ, మంగళ, బుధ. ఒంట్లో చేరిన నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే ఏ రోజుకి కాళ్ళు ఉబ్బుతాయో, ఏ రోజుకి పడుకుంటే ఊపిరాడదో మాలో అందరికీ తెలుసు. గురువారం నీళ్ళు తగ్గాయి. ట్రాక్టరు మీద హైవే దాకా తెచ్చి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కించారట. కావలి పొలిమేర దాటేలోపే పోయాడు. శుక్రవారం పొద్దున నాకు సూదులు పెడుతూ సిస్టర్ చెప్పింది.

రెండు వారాల తర్వాత ఆసుపత్రి కాగితాల కోసం ఆయన భార్య వచ్చింది. పని అయ్యాక గదిలోకి వచ్చి, నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆమె ఆ గదిలో కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి. ఐదో నంబరులో కొత్తావిడ ఎవరో నిద్రపోతోంది.

ఆమె ఏడవలేదు. నెమ్మదిగా, ఎవరికో అప్పజెప్పినట్టు చెప్పింది. మంగళవారం నుంచి ఆయన పడుకోలేకపోయాడు. గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. చుట్టూ వాన నీళ్ళు, ఇంట్లోకి కూడా వచ్చాయి. ఆయన నీళ్ళు నీళ్ళు అని ఒకటే అడిగాడు. ఆమె అప్పుడు కూడా గ్లాసులో గుటకంత పోసి ఇచ్చింది.

"ఆటో ఎక్కినాక నా వల్ల కాలా. సీసా మొత్తం ఇచ్చేసినా. గటగటా తాగినాడు. తాగి నా భుజం మీద తల పెట్టుకున్నాడు. నేను తియ్యలా." స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకుంది. "నేను ఆ నీళ్ళు ఇచ్చినందుకే పోయినాడంటావామా?"

కాదక్కా, అప్పటికే ఊపిరితిత్తుల నిండా నీళ్ళు చేరిపోయి ఉంటాయి, ఆ సీసా వల్ల కాదు అన్నాను. చదువుకున్న పిల్లనని నా మాట నమ్మింది. లేదా నమ్మినట్టు తలూపింది. ఆ మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. డాక్టరుని అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు.

వెళ్ళే ముందు ఇంకొకటి చెప్పింది. ఆఖరి భాగం కూడా ఆయన బస్సులో చెప్పాడట. ఆ పిల్ల ఎక్కడికి పోయిందో ఆ కథ రాసినవాళ్ళకే తెలియదని చెప్పాడట. నువ్వేమన్నావక్కా అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నానంది.

ఆ తర్వాత నేను మధ్యాహ్నం బ్యాచ్‌కి మారిపోయాను. హేచరీ వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు గానీ, వారంలో మూడు రోజులు రాని మనిషి ల్యాబ్‌కి పనికిరాదని నాకే తెలుసు. ఇంట్లో కూర్చుని పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. కిడ్నీ కోసం పేరు రాయించి నాలుగేళ్ళు దాటింది. రెండుసార్లు పిలుపు వచ్చింది, రెండుసార్లూ వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఆ సిరీస్ రెండో సీజన్ కూడా వచ్చిందని ఫోన్ చూపించింది. మొదటి భాగం పెట్టి ఐదు నిమిషాలు చూశాను. కింద అక్షరాలు వస్తుంటే నా పెదాలు వాటంతట అవే తెలుగులో కదులుతున్నాయి. ఆపేశాను.

పోయిన వేసవిలో అమ్మతో కావలి చేపల మార్కెట్‌కి వెళ్ళాను. వరసలో మూడో గంప దగ్గర ఆమె కూర్చుని ఉంది. కొంచెం లావైంది. నన్ను గుర్తుపట్టింది.

"ఇంకా పోతా ఉండావామా?" అని అడిగింది.

"పోతా ఉండానక్కా," అన్నాను.

అమ్మ కోసం నాలుగు వంజరం ముక్కలు కోసి, కడిగి, కవరులో వేసి ఇచ్చింది. ఈలోపు ఎవరో వచ్చి రొయ్యలు ఉన్నాయా అని అడిగితే, ఆమె అటు తిరిగింది.